పెరికి తెచ్చిన ఫెర్న్ ఎందుకు నిలవదు: అసెన్షన్ దీవి నుంచి మహేంద్రగిరి గెడ్డల దాకా

వానలప్పుడు మహేంద్రగిరి ఎక్కి దిగుతూ, గెడ్డ (కొండవాగు) పక్కన నిగనిగలాడే ఫెర్నును వేరుతో సహా పెరికి పర్లాకిమిడిలోనో బరంపురంలోనో వరండా కుండీలో పెట్టుకోవడం చాలామందికి ఉన్న అలవాటే. దసరా దాకా బాగానే ఉంటుంది. పొడిగాలి తిరిగాక ఆకుల అంచులు మాడతాయి, శివరాత్రికి కుండీ ఖాళీ. నీళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం. లోటు నీళ్లలో కాదు, గాలిలో. గెడ్డ దగ్గర నీటి తుంపరలోనూ మంచులోనూ పెరిగిన ఆకుకు ఊళ్లోని పొడిగాలి పడదు. పెరికేటప్పుడు వెంట్రుకల్లాంటి సన్నవేర్లు సగం తెగిపోతాయి కాబట్టి పోసిన నీరూ పైకి ఎక్కదు.

1501 మీటర్ల ఈ కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. మొక్కల్ని పెరకొద్దని చెప్పడం తేలికే. ఇష్టపడి పెంచుకునేవాళ్లకు మరో దారి చూపించకపోతే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఆ దారి ఉంది. దాన్ని బాగా చూపించినది ఇక్కడి మొక్క కాదు, దక్షిణ అట్లాంటిక్ నడుమ ఉన్న అసెన్షన్ అనే చిన్న దీవి మొక్క.

అసెన్షన్ అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి, వైశాల్యం 88 చదరపు కిలోమీటర్లు. ఎత్తయిన శిఖరం గ్రీన్ మౌంటెన్, 859 మీటర్లు. పోర్చుగీసు ఓడలవాళ్లు 1501లో దీవిని కనుగొన్నారు, తర్వాత వచ్చినవాళ్లు మేకల్ని వదిలారు. నెపోలియన్‌ను సెయింట్ హెలీనాకు పంపిన 1815లో బ్రిటిష్ సైనికులు ఇక్కడ దిగారు. వాళ్లకు తాగునీళ్లే కరువు. 1843లో అక్కడ ఆగిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ కొండ నిండా చెట్లు నాటితే మంచు పట్టి నీళ్లు పెరుగుతాయని సూచించాడు. 1850 నుంచి ఓడల్లో మొక్కలు దిగాయి: వెదురు, అరటి, జామ, అల్లం జాతులు, ఇంకా ఎన్నో. బోడి కొండ అడవయింది. దాన్ని ఇప్పటికీ గొప్ప విజయంగా చెప్పుకుంటారు.

ఆ విజయానికి మూల్యం కట్టినవి దీవికే సొంతమైన చిన్న మొక్కలు. బండల మీద, మట్టి గట్ల మీద, నాచు మధ్య బతికే అరచేతిలో పట్టేంత ఫెర్నులకు కావలసింది పోటీ లేని కాస్త బోడి జాగా. బయటి నుంచి వచ్చిన మెయిడెన్‌హెయిర్ ఫెర్నులు ఆ జాగాను కప్పేశాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. దీవి సొంత ఫెర్నుల్లోనే ఒకటి ఇప్పుడు తెచ్చిన వెదురు కాండాలను అంటిపెట్టుకుని బతుకుతోంది. అందుకే వెదురంతా నరికేస్తే సరి అనడానికి లేదు.

కొత్తిమీర ఆకులా చీలికలు చీలికలుగా ఉండే అనోగ్రామా అసెన్షనిస్ అయితే 1958 తర్వాత ఎవరి కంటా పడలేదు. 2003లో అంతరించినట్టు జాబితాకెక్కింది. 2009లో స్టెడ్‌సన్ స్ట్రౌడ్, ఫిల్ లాంబ్డన్ అనే ఇద్దరు ఒక ఏటవాలు మీద నాలుగంటే నాలుగు మొక్కలు చూశారు. పెరికి ఉంటే కథ అక్కడే ముగిసేది. వాళ్లు వాలు దిగి నీళ్లు మోసి తడిపారు, చుట్టూ కలుపు తీశారు, సిద్ధబీజాలు, అంటే ఫెర్నులకు విత్తనాల బదులు ఉండే ధూళిలాంటి కణాలు, పండేదాకా ఆగారు. పండాక ఆకు ముక్కల్ని మాత్రమే శుభ్రంగా కోసి 24 గంటల్లోపు ఇంగ్లండ్‌లోని క్యూ వృక్షశాస్త్ర తోటకు విమానంలో పంపారు. అక్కడ సూక్ష్మజీవులు చేరని పెంపకంలో 2010 నాటికి 60 దాకా పిల్లమొక్కలయ్యాయి. అడవిలోని నాలుగింటినీ ఎక్కడివక్కడే వదిలారు.

ఈ పనికి ప్రయోగశాలే ఉండాలని లేదు. మామూలు ఫెర్నుతో ఇంట్లోనే చేయవచ్చు. మొదటిసారి నర్సరీలో కొన్న మొక్కతో చేతిని అలవాటు చేసుకోండి. ఆకు అడుగున చుక్కలు చూడండి, సిద్ధబీజాలు ఉండేది వాటిలోనే. పచ్చగా ఉంటే పండలేదు, చిరిగి గరుకుగా కనిపిస్తే రాలిపోయాయి. ముదురు గోధుమరంగులో నిండుగా ఉన్నప్పుడు ఒక్క రెమ్మ కత్తిరించి, చుక్కలు కిందకి ఉండేలా తెల్లకాగితంలో మడిచి రెండు రోజులు కదపకుండా ఉంచండి. విప్పితే ముక్కుపొడిలాంటి ధూళి ఉంటుంది. కాగితాన్ని వాల్చి మెల్లగా తడితే పొట్టు ముందు జారిపోతుంది, సిద్ధబీజాలు కాగితాన్ని పట్టుకుని ఉంటాయి. పొట్టు వదలకపోతే తర్వాత బూజు దాని మీదే పుడుతుంది.

పాత ఇటుక ముక్కను 20 నిమిషాలు నీళ్లలో మరగబెట్టి చల్లార్చండి. మూత ఉన్న పారదర్శక డబ్బాలో రెండు సెంటీమీటర్ల నీరు పోసి ఇటుకను నిలపండి. బోరు నీరు వద్దు, ఇటుక మీద ఉప్పు పొర కడుతుంది. మరగబెట్టిన వాననీరు మేలు. అగ్గిపుల్ల తలంత ధూళిని కాగితం అంచు నుంచి ఊదినట్టు చల్లి మూత పెట్టండి. వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు. ఎండ పడితే మూసిన డబ్బా గంటలో కుంపటి అవుతుంది. పర్లాకిమిడి వేసవిలో ఇది మొదలుపెట్టకండి, ఆగస్టు నుంచి నవంబరు మధ్య చల్లండి.

రెండు నుంచి ఆరు వారాల్లో ఇటుక పచ్చబడుతుంది. రెండు మూడు నెలలకు గోరంత కూడా లేని గుండె ఆకారపు పలకలు కనిపిస్తాయి. వీటి పేరు ప్రోథాలస్. చాలామంది వీటిని నాచు అనుకుని కడిగేస్తారు. వీటి మీద నీటి పొర లేకపోతే పురుషకణం ఈది స్త్రీకణాన్ని చేరలేదు, ఆకులున్న మొక్క పుట్టదు కాబట్టి, మరగబెట్టి చల్లార్చిన నీటిని వారానికోసారి సన్నగా పిచికారీ చేయాలి. ధూళి ఎక్కువ చల్లి ఉంటే పలకలు ఇరుక్కుని చిన్నవిగానే ఆగి, ఎక్కువగా పురుషకణాల సంచులే పెడతాయి. నెలలు గడిచినా ఆకు రాకపోవడానికి తరచుగా ఇదే కారణం. పట్టకారుతో చిన్న గుత్తులుగా తీసి రెండేసి సెంటీమీటర్ల ఎడంలో నాటితే దారిలో పడతాయి. ఆకులు వచ్చాక మూత ఒక్కసారిగా తీయకండి. రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ మూడు వారాలు పట్టించండి.

మహేంద్రగిరి గెడ్డల్లోని చెట్టు ఫెర్నుల సంగతి ఇంకా సున్నితం. ఆర్కిడ్లు కట్టడానికని వీటి కాండాలను లోకమంతా నరికినందుకే సైథియా అనే చెట్టు ఫెర్నుల ప్రజాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితా సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. వాటి రెమ్మ కోయాలన్నా అటవీశాఖ అనుమతి ముందు తీసుకోండి. ఇంట్లో మిగిలిన పిల్లమొక్కల్ని మంచి మనసుతో కొండ మీద నాటి రావడం కూడా వద్దు. కుండీ మట్టితో బూజులు, నర్సరీ కలుపు గెడ్డకు చేరతాయి. ఏ మొక్క రెమ్మ, ఏ తేదీన కోసింది అని ప్రతి కుండీకీ చీటీ కట్టి, మిగిలినవి ఫెర్న్ కావాలని అడిగే ఇరుగుపొరుగుకు ఇవ్వండి.