గుర్తుందా, వాసన పట్టిందా?

విజయనగరంలో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబ్. గుండ్రటి తొట్టిలో పాలపొడి కలిపిన తెల్లటి నీళ్లు. అడుగు కనిపించదు. ఎంఫార్మసీ అమ్మాయి తెల్ల ఎలుకను తొట్టి గోడ వైపు ముఖం పెట్టి వదిలి స్టాప్‌వాచ్ నొక్కింది. అది ఈదుకుంటూ వెళ్లి నీళ్ల కింద దాగిన చిన్న తిన్నె ఎక్కి మీసాలు దులుపుకుంది. జ్ఞాపకశక్తికి మంచిదనే సరస్వతి ఆకు రసం వారం నుంచి తాగుతున్న ఎలుక.

"గుర్తుపెట్టుకుంది సార్" అందా అమ్మాయి. పక్కనే బోనులు కడుగుతున్న అటెండర్ నవ్వాడు. "వాసన పట్టీసుంటాది బాబూ."

ఆయన తెలిసి అన్నాడో లేదో గానీ, ఈ పరీక్షల చరిత్రంతా ఆ అనుమానం చుట్టూనే తిరిగింది.

1901 నాటికే అమెరికాలో విల్లర్డ్ స్మాల్ ఇంగ్లండ్‌లోని హాంప్టన్ కోర్ట్ తోట నమూనాలో చిక్కుదారులు కట్టి ఎలుకలను వదిలాడు. అవి దారి నేర్చుకున్నాయి, సరే. దేనితో? 1907లో మనస్తత్వ శాస్త్రవేత్త వాట్సన్ ఎలుకల కళ్లు తీసేశాడు, చెవులు పనిచేయకుండా చేశాడు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అయినా అవి దారి తప్పలేదు. మరుసటి ఏడాది హార్వే కార్ అనే సహచరుడితో కలిసి, అలవాటైన దారిని కాస్త కుదించి చూస్తే నేరుగా వెళ్లి గోడకు గుద్దుకున్నాయి. అంటే ఆ దారి కాళ్లకు పట్టిన అలవాటేనా?

కాదన్నాడు టోల్మన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త. 1930లో హాంజిక్‌తో కలిసి కొన్ని ఎలుకలను, గమ్యంలో తిండేమీ పెట్టకుండా, పది రోజులు చిక్కుదారిలో ఊరికే తిరగనిచ్చాడు. పదకొండో రోజు గమ్యంలో తిండి పెట్టాడు. పన్నెండో రోజుకల్లా అవి మొదటి నుంచీ తిండి దొరికిన వాటితో సమానమయ్యాయి. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది, చూపించే అవసరమే రాలేదు. పరీక్షల ముందు మన పిల్లల్లాగే.

1976లో ఓల్టన్ అనే పరిశోధకుడు నడుమ నుంచి ఎనిమిది దారులు చీలే చక్రంలాంటి చిక్కుదారి తెచ్చాడు. వాసన సంగతి మాత్రం నీళ్లే తేల్చాయి. 1981లో రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త ఇలాంటి నీళ్ల తొట్టి కట్టాడు. నీళ్లలో అడుగుల వాసన నిలవదు, తిన్నె కంటికి కనిపించదు. ఎలుక గదిలోని తలుపు, బల్ల లాంటి గుర్తులు చూసి చోటు లెక్కగట్టుకోవాల్సిందే. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలుకలకు అది చేతకాలేదని మరుసటి ఏడాదే తేలింది.

మోరిస్ ఇంకో మెలిక కూడా పెట్టాడు. చివర్లో తిన్నె తీసేయాలి. గుర్తున్న ఎలుక అది ఉండే భాగంలోనే తచ్చాడుతుంది. త్వరగా ఎక్కినంత మాత్రాన సరిపోదు, రసం తాగి హుషారుగా ఈదినా టైము తగ్గుతుంది. పైగా తెల్ల ఎలుకలకు చూపు అసలే అంతంతమాత్రం.

"తిన్నె తీసి చూశావామ్మా?" అని అడిగాను.

"రేపు సార్" అంటూ ఎలుకను తువ్వాలులో చుట్టింది.