తిరగబెట్టిన హెర్నియా: మొదటి మెష్ ఏ పొరలో ఉంది?

గజ్జల్లో హెర్నియా తిరగబెడితే మళ్లీ ముందునుంచే కోయాలా (ఓపెన్ పద్ధతి), లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో, కండరం వెనక్కి వెళ్లాలా అన్న వాదన మళ్లీ లేచింది. ఓపెన్ పద్ధతివైపు ఉన్నవారు చూపించేది 2004లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షను. రెండేళ్లలో లాపరోస్కోపీ వర్గంలో 10.1 శాతం మందికి, ఓపెన్ వర్గంలో 4.9 శాతం మందికి హెర్నియా తిరిగొచ్చింది. అంకెలు నిజమే. అయితే వాటిని విడదీసి చదవాలి.

మొదటిసారి ఆపరేషన్ చేయించుకున్నవారిలో లాపరోస్కోపీకి 10.1, ఓపెన్‌కు 4.0. అప్పటికే ఒకసారి విఫలమైనవారిలో లాపరోస్కోపీకి 10.0, ఓపెన్‌కు 14.1. ఈ రెండో తేడా గణాంకాల ప్రకారం తేలలేదు. కానీ లాపరోస్కోపీ అంకె ఉన్నచోటే ఉండగా, ఓపెన్ అంకె మూడింతలు దాటింది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

ముందునుంచి వేసిన మెష్ (బలహీనమైన చోటును కప్పే వల) కొన్ని నెలల్లో వీర్యనాళం, రక్తనాళాలు, నరాలతో కలిసి ఒకే గట్టి ముద్ద అవుతుంది. రెండోసారి అదే దారిన వెళ్తే పొరలు విడిపోవు. నరం తెగితే ఏళ్ల తరబడి నొప్పి, రక్తనాళం తెగితే వృషణం కుంచించుకుపోవడం. కండరానికి వెనక, పెరిటోనియానికి (కడుపు లోపలి పల్చటి పొర) ముందు ఉన్న చోటు మాత్రం చెయ్యిపడకుండా ఉంటుంది.

2008లో వెలువడిన డెన్మార్క్ జాతీయ రిజిస్టర్ లెక్క దీన్ని బలపరిచింది. లిక్టెన్‌స్టీన్ మెష్ (ఓపెన్ పద్ధతిలో ముందునుంచి వేసేది) విఫలమయ్యాక లాపరోస్కోపీ చేయించుకున్నవారిలో మరో ఆపరేషన్ అవసరమైంది 1.3 శాతానికే. మళ్లీ లిక్టెన్‌స్టీనే చేయించుకున్నవారిలో 11.3 శాతానికి. ఇది రోగులను లాటరీ వేసి రెండు వర్గాలుగా పంచిన పరీక్ష కాదు. తిరగబెట్టినా ఆపరేషన్‌కు రానివారు ఇందులో లెక్కకు రారు. స్వీడన్‌లో 147 మందిని లాటరీ పద్ధతిన పంచి ఐదేళ్లు చూస్తే హెర్నియా తిరిగి రావడంలో తేడా కనిపించలేదు: లాపరోస్కోపీకి 19, లిక్టెన్‌స్టీన్‌కు 18 శాతం. లాపరోస్కోపీవారికి నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లారు.

లాపరోస్కోపీ విఫలమయ్యే తీరు వేరు. మెష్ కనీసం 10×15 సెంటీమీటర్లు ఉండాలి. పెరిటోనియాన్ని వీర్యనాళం మీద నుంచి చాలినంత కిందికి ఒలవకపోతే, ఆపరేషన్ కోసం లోపల నింపిన గ్యాస్ వదిలేసరికి మెష్ కింది అంచు పైకి మడుచుకుంటుంది. హెర్నియా ఆ సందులోంచే దిగుతుంది. వీర్యనాళం గజ్జలోకి దిగే లోపలి రింగులోని కొవ్వుముద్దను వదిలేసినా, తొడవైపు హెర్నియాను చూడకపోయినా అంతే. ఇలియోప్యూబిక్ ట్రాక్ట్ (గజ్జ మడత వెనక ఉండే నార పట్టీ) కింద టాకర్‌తో మెష్‌కు పిన్నులు కొడితే నరాలు చిక్కుకుంటాయి. ఆ అమెరికా పరీక్షలోనే, 250కి పైగా లాపరోస్కోపీ ఆపరేషన్లు చేసిన సర్జన్ల చేతిలో వైఫల్యం దాదాపు సగానికి తగ్గింది. చేయి తిరిగినవారు కావాలి.

2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ దారినే ఖాయం చేశాయి: ముందు మెష్ విఫలమైతే వెనకనుంచి, వెనక మెష్ విఫలమైతే ముందునుంచి. వెనక మెష్ ఉన్నచోట మూత్రాశయం, తొడకు వెళ్లే పెద్ద రక్తనాళాలు దానికి అతుక్కుని ఉంటాయి. ప్రోస్టేట్ తీసేసినవారిలోనూ ఆ చోటు మూసుకుపోయి ఉండొచ్చు.

డిశ్చార్జి కాగితంలో తరచు "హెర్నియోప్లాస్టీ" అన్న ఒక్క మాటే ఉంటుంది, ఏ పొరో రాయరు. అప్పుడు ఒంటిమీది గుర్తులే ఆధారం: గజ్జలో ఏటవాలు మచ్చ ఉంటే ముందునుంచి, బొడ్డు దగ్గరా దాని కిందా మూడు చిన్న మచ్చలుంటే వెనకనుంచి. సందేహం తీరకపోతే పాత ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్ తెప్పించాకే థియేటర్ తేదీ వేయాలి.