తరుగు వేరు, తరుగుదల వేరు: అపోహలు - వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతు ముందు "తరుగు" అనే మాట ఎత్తితే ముఖం మాడిపోతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందనో, తాలు ఉందనో తూకంలో కోసేది తరుగే. బంగారం దుకాణంలో మజూరీతో పాటు బిల్లులో వేసేదీ తరుగే. అందుకే నేను క్లయింట్‌తో "ఈ ఏడాది మీకు ఇంత తరుగుదల వచ్చింది" అనగానే "ఎవరు కోసిండ్రు సార్?" అని అడుగుతారు. ఎవరూ కోయలేదు. మార్కెట్ తరుగు మన చేతికి రావాల్సిన డబ్బులోంచి పోయేది. లెక్కల్లో తరుగుదల మనం ఎప్పుడో పెట్టేసిన డబ్బు గురించి.

హన్మకొండలో పద్దెనిమిదేళ్లుగా చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తున్నాను. డీసీఎం బండ్లు, సెంట్రింగ్ సామాను, జిరాక్స్ షాపులు, చిన్న మిల్లులు. పన్ను ఎక్కువ కట్టి నష్టపోయినవాళ్లను కొందరినే చూశాను. తరుగుదల అర్థం కాక నష్టపోయినవాళ్లు చాలామంది. ఈ పోస్టు వాళ్ల కోసం.

అపోహ: తరుగుదల అంటే వస్తువు ధర పడిపోవడం

తరుగుదలను ఇంగ్లిష్‌లో డిప్రిసియేషన్ అంటారు, ఆ మాట లాటిన్‌లోంచి వచ్చింది. దాని మూలంలో 'ధర' ఉంది, ధర కిందికి దిగడం అని అర్థం. మామూలు మాటల్లో మనమూ అలాగే వాడతాం. కొత్త కారు షోరూం గేటు దాటగానే డిప్రిసియేషన్ మొదలైందంటాం. లెక్కల పుస్తకంలో అర్థం అది కాదు. వస్తువు కొన్నప్పుడు ఒకేసారి పెట్టిన డబ్బును, అది మనకు పనిచేసే ఏళ్లకు పంచి, ఏ ఏటి వాటాను ఆ ఏటి ఖర్చులో రాయడమే తరుగుదల. ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందన్న ప్రశ్న అక్కడ లేదు. సెకండ్ హ్యాండ్ బండ్ల రేటు పెరిగిన ఏడాది కూడా తరుగుదల రాయాల్సిందే, ఎందుకంటే బండి ఆ ఏడాదీ అరిగింది.

పంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఏటా సమానంగా రాయడం ఒకటి, మిగిలిన విలువ మీద శాతం కట్టడం ఇంకొకటి. ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్లకు స్థిర వాయిదాల పద్ధతి, తగ్గుతున్న నిల్వల పద్ధతి అంటే గుర్తొస్తాయి. ఆదాయపు పన్నులో మామూలుగా రెండోదే. కంప్యూటర్‌కు 40 శాతం, సాధారణ యంత్రాలకు 15, ఫర్నిచర్‌కు 10. కిరాయికి తిప్పే లారీకి 30 శాతం. 14 లక్షల బండి మొదటి ఏడాది తర్వాత పుస్తకంలో 9 లక్షల 80 వేలు, రెండో ఏడాదికి 6 లక్షల 86 వేలు.

అపోహ: ఖర్చులు పోను చేతిలో మిగిలిందంతా లాభమే

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మా నాయనకు పరకాల వైపు ఒక ఊళ్లో పిండి గిర్నీ ఉండేది. గిర్నీలో జత రాళ్లుంటాయి. కొన్నాళ్లు తిరిగాక నున్నబడి పిండి సరిగా పడదు. అప్పుడు పై రాయి లేపి ఉలితో గాట్లు కొట్టించాలి. గాట్లు కొట్టే మనిషికి ఇచ్చిన కూలి నాయన నోట్‌బుక్‌లో రాసేవాడు. కరెంటు బిల్లు, బెల్టు, గ్రీజు కూడా రాసేవాడు. కానీ గాట్లు కొట్టిన ప్రతిసారీ రాయి కొంచెం పలచబడేది. జానెడు మందం ఉన్న రాయి నాలుగు వేళ్లకు దిగింది. ఆ పలచదనం ఏ పేజీలోనూ లేదు. కొత్త జత అవసరమైన రోజు, ఇన్నేళ్లు లాభం చూసిన గిర్నీకి రాళ్లు కొనడానికి డబ్బు లేక మిత్తికి తెచ్చాడు.

గాట్లు కొట్టించడం రిపేరు. రాయి పలచబడటం తరుగుదల. మంచిగా మెయింటెయిన్ చేస్తున్నాం కాబట్టి తరుగుదల ఉండదని అనేవాళ్లకు నేను ఆ రాయినే చెబుతాను.

ఇప్పటి లెక్క చూడండి. మిర్చి బస్తాలు తోలే ఒకాయన సొంత డబ్బు 14 లక్షలు పెట్టి డీసీఎం కొన్నాడు. డీజిల్, డ్రైవర్, ఇన్సూరెన్స్, టైర్లు అన్నీ పోను నెలకు 45 వేలు మిగులుతోందని సంతోషంగా చెప్పాడు. "ఈ బండి ఎన్నేళ్లు నడుస్తదన్నా?" అని అడిగాను. "ఎనిమిదేళ్లు నడుస్తది సార్, ఆఖరికి రెండు లక్షలకు పోతది" అన్నాడు. 14లో 2 తీసేస్తే 12 లక్షలు. ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి లక్షన్నర, నెలకు 12,500. అంటే ఆయన అసలు సంపాదన 32,500. మిగతాది ఆయన బండే ముక్కముక్కగా డబ్బై చేతికి రావడం. దాన్ని ఇంటి ఖర్చుకు వాడితే బండిని తింటున్నట్టే. కాగితం మీద ఈ లెక్క వేశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కిరాయి రేటు ఎంత చెప్పాలో మళ్లీ లెక్క వేసుకుందాం అన్నాడు.

దీనికి అతుక్కునే ఇంకో అపోహ: తరుగుదల రాస్తే ఆ డబ్బు ఎక్కడో జమ అవుతుందని. కాదు. అది పుస్తకంలో రాత మాత్రమే. ఆ ఏడాది బ్యాంకులోంచి రూపాయి బయటికి పోదు, లోపలికీ రాదు. కొత్త బండికి డబ్బు కావాలంటే నెలనెలా విడిగా మీరే పక్కన పెట్టాలి.

అపోహ: ఈఎంఐ మొత్తం ఖర్చే

ఫైనాన్స్ మీద కొన్నవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది ఇలాగే రాసుకొస్తారు. ఈఎంఐలో రెండు భాగాలుంటాయి: మిత్తి (వడ్డీ), అసలు. మిత్తి ఖర్చు. అసలు సొమ్ము కట్టడం ఖర్చు కాదు, అప్పు తీర్చడం. అసలు బదులు ఖర్చులోకి వచ్చేది తరుగుదల. అసలూ, తరుగుదలా రెండూ రాస్తే ఒకే బండిని రెండుసార్లు ఖర్చు చూపినట్టు. అప్పు తీరలేదు కాబట్టి తరుగుదల రాదనుకోవడం కూడా తప్పే. బండి మీది, నడిపేది మీరు, తరుగుదల మీదే.

అపోహ: పుస్తకంలో విలువ అయిపోతే యంత్రం పనికిరాదు

సిరిసిల్లకు వెళ్లి చూడండి. ఏనాటివో సాంచాలు (మరమగ్గాలు) ఈ రోజుకూ చప్పుడు చేస్తూ బట్ట నేస్తున్నాయి. పుస్తకంలో వాటి విలువ వేలల్లో కూడా మిగలదు. ఇక్కడ ఒక చిక్కుంది. పాత సాంచాల ఆసామికి తరుగుదల దాదాపు లేదు కాబట్టి లాభం ఎక్కువ కనిపిస్తుంది, బట్ట నేసే రేటు తగ్గించి ఆర్డరు పట్టగలడు. కొత్త మగ్గాలు వేసినవాడు అదే రేటుకు దిగితే మునుగుతాడు. పక్కవాడి రేటు చూసి మన రేటు పెట్టే ముందు అతని యంత్రం వయసు చూడాలి.

అపోహ: తరుగుదల రాయడం, మానడం మన ఇష్టం

లోన్ కోసం లాభం పెంచి చూపాలి, ఈసారికి తరుగుదల వద్దు సార్ అంటారు. ఆదాయపు పన్నులో వ్యాపార ఆదాయం లెక్క కట్టేటప్పుడు మీరు అడిగినా అడగకపోయినా తరుగుదల తీసినట్టే లెక్క. ఈ ఏడు వదిలేసి వచ్చే ఏడు రెండింతలు తీసుకుంటామంటే కుదరదు. టర్నోవర్ మీద శాతం లెక్కనో, బండికి నెలకు ఇంత అనో అంచనా పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకు అందులోనే తరుగుదల కలిసి ఉంటుంది. మళ్లీ విడిగా రాదు.

కొనేవాళ్లు మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే వస్తుంది, కాబట్టి మార్చి 31న హడావుడిగా బండి తేవడంలో అనుకున్నంత లాభం లేదు. ఒకే రోజు ఒకరికి 10 వేలకు మించి నగదు ఇచ్చి కొంటే ఆ మొత్తం ఆస్తి ఖరీదులో లెక్కకు రాదు, దాని మీద తరుగుదల ఎప్పటికీ రాదు. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటే, ఆ పన్నుపై తరుగుదల కూడా తీసుకోకూడదు. రెండింటిలో ఒకటే.

ఇంటి గురించి ఒక మాట. భూమికి తరుగుదల లేదు, కట్టడానికే ఉంటుంది. షాపు కొన్నప్పుడు స్థలం విలువ, కట్టడం విలువ విడిగా రాసుకోండి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు అదీ లేదు. దాని బదులు మున్సిపల్ పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం తీసివేత ఇస్తారు.

టీవీలో రూపాయి క్షీణించింది అన్నప్పుడు కూడా ఇంగ్లిష్‌లో డిప్రిసియేషన్ అనే అంటారు. దానికీ మీ బండికీ సంబంధం లేదు. అది మార్కెట్లో డాలర్‌తో మారకం రేటు పడటం. 1966 జూన్‌లో డాలర్‌కు 4.76 నుంచి 7.50 రూపాయలకు ప్రభుత్వమే దించింది. దాన్ని మూల్యహీనీకరణ అంటారు.

ఇక రోజూ కొట్లాట జరిగేది ఇన్సూరెన్స్ దగ్గర. బంపర్ పగిలింది, బిల్లు మొత్తం ఇవ్వలేదు, మోసం చేశారని వస్తారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లు, బ్యాటరీలకు 50 శాతం తరుగుదల కోస్తారు. అద్దాలకు కోయరు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి ఉంటుంది. ఇక్కడ మాత్రం తరుగుదల నిజంగానే మార్కెట్ తరుగులా చేతికొచ్చే డబ్బులోంచి పోతుంది. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉన్నది దీనికోసమే. రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టే ముందు అది ఉందో లేదో, ఎన్ని క్లెయిమ్‌ల వరకు ఇస్తారో అడిగి చూసుకోండి.