పలక దక్కింది బక్కోడికి

సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండగ చూడాలంటే ఏదైనా మిద్దె ఎక్కాలి. వీధిలో నిలబడితే చూసే తీరికుండదు. ఒక ఏడాది నాకు పిట్టగోడ మీద చోటు దొరికింది. రంగులేసిన కొమ్ములకు చెక్క పలకలు కట్టిన ఎద్దులు ఇరుకు వీధిలోకి గుంపుగా దూసుకొచ్చాయి. పలక మీద ఒకదానికి దేవుడి బొమ్మ, ఇంకోదానికి హీరో బొమ్మ. లాక్కున్నవాడిదే పలక.

కండలు తిరిగిన మనిషొకడు ఎదురెళ్లి రెండు కొమ్ములూ పట్టుకున్నాడు. చూస్తుండగానే గోడవారన పడి ఉన్నాడు. అదే ఎద్దు నాలుగడుగులు ముందుకు రాగానే, గోడకు అంటుకుని నిలబడ్డ బక్కపలచటి పిల్లోడు తల దాటిపోనిచ్చి పక్కనుంచి మెడమీద వాలాడు. ఒక చెయ్యి మూపురం మీద, రెండోది పలక తాడు మీద. దాంతోపాటే పరిగెత్తాడు. వీధి మలుపు రాకముందే పలక ఊడొచ్చింది.

"సూడు నాయనా, ఆ పెద్దోడు ఎద్దుతో కొట్లాడేదానికి వచ్చినాడా, పలక కోసరం వచ్చినాడా?" అన్నాడు నా పక్కన కూర్చున్న పెద్దాయన.

కొట్లాటలో గెలిపించేది ఒళ్లా, ఒడుపా అనే పాత పేచీలో నేను విన్న మంచి ప్రశ్న ఇదే. గెలుపంటే ఏమిటో ముందు తేల్చకుండా మిగతాది తేలదు.

ముందు ఒంటి సంగతి. మనిషి పెద్దవాడైనకొద్దీ బలమూ అంతే పెరుగుతుందనుకుంటాం. పెరగదు. కండరం బలం దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి. అదే పోలికతో ఒక మనిషి పదో వంతు పొడుగైతే బలం 21 శాతం పెరుగుతుంది, బరువు 33 శాతం పెరుగుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లు క్లీన్ అండ్ జెర్క్‌లో (బరువును ముందు భుజాలదాకా, తర్వాత తలపైకి ఎత్తే పద్ధతి) 190 కిలోలు ఎత్తాడు. తన ఒంటి బరువుకు మూడింతల పైనే. 2021లో జార్జియా లిఫ్టర్ లాషా తలఖాద్జే అదే పద్ధతిలో 267 కిలోలతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆయన బరువు సులేమానోగ్లుకు దాదాపు మూడింతలు. ఎత్తిన బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు.

కిలో లెక్కన చూస్తే చిన్నవాడిదే పైచేయి. కానీ బరిలో ఎవరూ కిలో లెక్కన కొట్టుకోరు. మీద పడేది మనిషి మొత్తం.

ఆటో, బస్సు గుద్దుకుంటే రెండిటికీ తగిలే బలం సమానమే. న్యూటన్ మూడో సూత్రం పదో తరగతి పిల్లలకూ తెలుసు. నుజ్జయ్యేది మాత్రం ఆటో. అంతే బలం తక్కువ బరువును ఎక్కువగా కుదుపుతుంది కాబట్టి. నెట్టుకోవడంలోనూ ఇదే తీరు. పాదానికీ నేలకూ మధ్య రాపిడి ఒంటి బరువుతో పాటు పెరుగుతుంది, కాబట్టి 60 కిలోలవాడు 120 కిలోలవాణ్ణి ఎదురుగా నెడితే ముందు జారేది తన కాళ్లే.

మరి ఒడుపు చేసే పనేమిటి? ఎదురుగా నెట్టకపోవడం. అద్దె ఇల్లు మారేటప్పుడు బీరువాను ఎవరూ ఎత్తరు. ఒక మూల మీదికి వంచి, అటొక అడుగు, ఇటొక అడుగు నడిపిస్తారు. వంచేదాకానే కష్టం, ఆ తర్వాత దాని బరువే మనకు కూలి చేస్తుంది. జూడోలో విసరడమూ అంతే. అవతలివాడి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, వాడి పాదాల మధ్యనుంచి బయటికి వచ్చేలా లాగి, దానికి కింద తన నడుము పెట్టాలి. కాకపోతే బీరువాకు జూడో రాదు, మనిషికి వచ్చి ఉండొచ్చు. అక్కడే చిక్కు.

1993లో అమెరికాలోని డెన్వర్‌లో బరువు విభాగాలేవీ లేకుండా మొదటి యూఎఫ్‌సీ పోటీ పెట్టారు, రకరకాల కొట్లాట విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడేది. సుమారు 80 కిలోల బ్రెజిల్ మనిషి రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. నేలమీద పడ్డాక ఏం చెయ్యాలో ఆయనకు తెలిసినంతగా ఎదుటివాళ్లకు తెలియదు. తర్వాత అందరూ ఆ పట్లు నేర్చుకున్నారు, బరువు విభాగాలూ వచ్చాయి. జూడో అంతకు ముందే ఆ దారి తొక్కింది. 1961లో పారిస్‌లో దాదాపు రెండు మీటర్ల డచ్చివాడు ఆంటన్ గీసింక్ ప్రపంచ టైటిల్‌ను మొదటిసారి జపాన్ చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆయనకు పొడుగూ ఉంది, జూడో కూడా బాగా వచ్చు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడోను బరువు విభాగాలతోనే ఆడించారు. విడిగా ఉంచిన ఓపెన్ విభాగంలో మళ్లీ గీసింకే గెలిచాడు. తూకం పట్టింపు ఇప్పుడెంత ముదిరిందో 2024 పారిస్‌లో 50 కిలోల మీద 100 గ్రాములు తేలి కుస్తీ ఫైనల్ పోగొట్టుకున్న వినేశ్ ఫోగట్‌ను అడగాలి. ఆ మాటకొస్తే, భాగవతంలో మథుర ఆడవాళ్లు కొండల్లాంటి మల్లుల మీదికి పసివాళ్లను వదలడం అధర్మమని సభలోనే వాపోయారు.

జపాన్ కుస్తీ అయిన ప్రొఫెషనల్ సుమోలో మాత్రం ఇప్పటికీ తూకం విభాగాలు లేవు. మైనౌమి అనే కుర్రాడికి అప్పట్లో ఉన్న 173 సెంటీమీటర్ల కనీస ఎత్తు చాలక, నెత్తి చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని మరీ చేరాడు. 1991 నవంబరులో రెండు మీటర్ల పైచిలుకు అకెబోనోను కాలు పట్టి పడేశాడు. హాలు దద్దరిల్లింది. సుమోలో అన్నిటికన్నా పెద్ద హోదా యోకోజునా. 1993లో అది దక్కింది అకెబోనోకి.