మొండి చాకు ఎందుకు ఇవ్వనన్నానంటే

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో పడవెక్కి పాపికొండలు చూసి, ఆ తర్వాత మారేడుమిల్లి వైపు అడవిలో ఒక పూట నడుద్దామని అనుకున్నాం కదా. ఆ ప్రయాణం గురించి మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే చిన్నది ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, నాకు చాకు ఇస్తానంటే అమ్మ భయపడుతోంది. పోనీ మొండి చాకు ఇవ్వొచ్చు కదా, అదైతే వేలు తెగదు!" అని. నేను ఇవ్వనన్నాను. ఎందుకివ్వవని అడిగేలోపే ఫోన్ కట్ అయింది. ఫోన్లో చెప్పే జవాబు కూడా కాదులే, అందుకే రాస్తున్నాను.

మొండి చాకే ఎక్కువ ప్రమాదం తల్లీ. వంటింట్లో ఏళ్ళ తరబడి కూరలు తరిగిన వాళ్ళని ఎవరినైనా అడుగు. పదును పోయిన కత్తితోనే చెయ్యి తెగుతుందంటారు. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ దానికి కారణం మన చేలోనే ఉంది.

పొలానికి నీళ్ళు పెట్టడం మీరు చూశారు. బోదె, అంటే చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవ, నిండా నీళ్ళుంటాయి. పారతో గట్టుకి జానెడు వెడల్పున మడవ కొడితే ఏమవుతుంది? నీళ్ళన్నీ ఆ సందులోంచే ఉరుకుతాయి. కింద మట్టిని కోసుకుంటూ పోతాయి. పోయినసారి మీరు అక్కడ కాళ్ళు పెట్టి కేకలు వేశారు గుర్తుందా? అదే బోదెకి, అవే నీళ్ళకి, గట్టు పది గజాల మేర తెగిపోయిందనుకోండి. నీళ్ళు పలచగా పరుచుకుంటాయి. గడ్డిపరకని కూడా కదపలేవు. నీళ్ళేమీ తగ్గలేదు. దారి వెడల్పయింది, అంతే.

మీ చేతి బలం బోదెలో నీళ్ళు. చాకు అంచు మడవ. అంచు ఎంత సన్నగా ఉంటే మీ బలమంతా అంత సన్నని దారిలోంచి పోయి కోస్తుంది. అంచు అరిగి మొద్దుబారితే అదే బలం పరుచుకుపోతుంది, కాయ తెగదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మొండి చాకుతో పచ్చి జామకాయ కోస్తున్నావనుకో. తెగలేదు. ఇంకాస్త నొక్కుతావు. ఇంకా తెగలేదు. పళ్ళు బిగించి నొక్కుతావు. అంటే బోదెలోకి ఇంకా ఇంకా నీళ్ళు వదులుతున్నావన్నమాట. చివరికి తొక్క ఒక్కసారిగా లొంగిపోతుంది, లేదా చాకు పక్కకి జారుతుంది. అప్పటికి దాని వెనక ఎన్ని నీళ్ళు చేరి ఉంటాయో చూడు! గండి పడ్డాక కాలవ ఎటు పోవాలో మనం చెప్పలేం. కాయ పట్టుకున్న రెండో చేతి వేళ్ళు ఆ దారిలోనే ఉంటాయి. పదునున్న చాకుకైతే కొద్ది నీళ్ళు చాలు. ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆపొచ్చు.

పదునైన చాకు వేలిని కోయదా అంటే కోస్తుంది. ఆ సంగతి చేతికి తెలుసు కాబట్టే చెయ్యి జాగ్రత్తగా మెలుగుతుంది. మొండి చాకు పట్టుకున్నవాళ్ళకి ఏమీ కాదులే అనే ధీమా వస్తుంది. పిల్లల చేతిలో ఆ ధీమా నాకు నచ్చదు.

ఇంకో సంగతి కూడా ఆ గట్టు దగ్గరే తెలుస్తుంది. గట్టుని మరీ సన్నగా చెక్కేస్తే ఒక్క రాత్రికే కూలుతుంది. చాకు అంచు కూడా అంతే. గడ్డం గీసే బ్లేడంత సన్నగా నూరితే మొదటి రోజు చక్కగా తెగుతుంది, గట్టి పుల్ల తగలగానే అంచు పెచ్చులూడిపోతుంది. అందుకే కట్టెలు కొట్టే కత్తికి అంచు లావుగా ఉంచుతారు, కూరగాయల కత్తికి సన్నగా తీస్తారు. జేబులో పెట్టుకునే చాకు ఈ రెండింటికీ మధ్యది. సానరాయి మీద సుమారు 20 డిగ్రీల వాలులో పట్టి నూరాలి. నిలువుగా పట్టుకుంటే 90, దానిలో సగం 45, అందులో సగం కంటే ఇంకొంచెం వాల్చాలి. రెండు వైపులా ఒకే వాలు ఉండాలి. గట్టుకి కూడా రెండు వైపులా ఒకే వాలు పెడతారు కదా.

నా చిన్నప్పుడు మా కాలవలో గూటి పడవలు తిరిగేవి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత గోదావరి కాలవలు పొలాలకి నీళ్ళే కాదు, సరుకులకి దారి కూడా ఇచ్చాయి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, కలప అన్నీ పడవల మీద పోయేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఎండలో ఆ మనుషుల వీపులు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. బడి వదలగానే మేమంతా లాకుల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

లాకు అంటే, కాలవ మట్టం ఒక్కసారిగా కిందికి దిగే చోట కట్టిన గది. ముందొక తలుపు, వెనకొక తలుపు ఉంటాయి. పై కాలవ నుంచి పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, గదిలో నీళ్ళు మెల్లగా కిందికి వదులుతారు. నీళ్ళతో పాటే పడవా దిగుతుంది. దిగుతున్నంతసేపూ, గట్టు మీద గుంజకి చుట్టిన మోకుని కొద్దికొద్దిగా వదులుతూ ఉండాలి.

ఒక సాయంత్రం ఆ మోకు బిగుసుకుపోయింది. కొబ్బరి పీచు మోకు, తడిసి ముడి గట్టిపడింది. కింద నీళ్ళు దిగిపోతున్నాయి, పడవ ఒక పక్క మాత్రం గుంజకి వేలాడుతోంది. బస్తాలు ఒరుగుతున్నాయి. గూడు లోపల పొయ్యి వెలిగించుకున్న ఒక ఆడమనిషి, ఆమె పక్కన పసివాడు. పడవ పెద్దాయన ముడి విప్పడానికి ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. నడుముకున్న చాకు తీశాడు. తాడుకి దూరంగా జరగండని మా మీద అరిచాడు, ఎందుకంటే బిగువు మీదున్న తాడు తెగితే రెండు కొసలూ వెనక్కి వచ్చి కొడతాయి. చాకు ఆనించి ఒక్కసారి లాగాడు. మోకు తెగింది. పడవ దబ్బున నీళ్ళ మీద కూర్చుంది. పసివాడు ఏడ్చాడు, అంతకుమించి ఏమీ జరగలేదు.

తర్వాత ఆయన గట్టు మీద కూర్చుని, చాకుని పంచె కొంగుతో తుడిచి, మొలలోంచి చిన్న రాయి తీసి నూరడం మొదలుపెట్టాడు. ఒక్క మోకుకే పదును పోతుందా అని అడిగాను. "మళ్ళీ ఎప్పుడు పనిపడుతుందో తెలీదు కదా బాబూ" అన్నాడు. ఆ రోజు ఆయన చేతిలో మొండి చాకు ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

కొండల్లో నడిచేవాళ్ళకి కూడా చాకు తోడు చాలా పాతది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర, ఆల్ప్స్ పర్వతాల్లో 3,210 మీటర్ల ఎత్తున, కరుగుతున్న మంచులోంచి ఒక మనిషి శరీరం బయటపడింది. ఈ మధ్య కాలంలో కొండెక్కుతూ పోయినవాడేమో అనుకున్నారు మొదట. తీరా పరీక్షిస్తే 5,000 ఏళ్ళకి పైబడిన మనిషి! ఓట్జి అని పేరు పెట్టారు. అతని దగ్గర చెకుముకి రాతితో చేసిన చిన్న చాకు ఉంది. దానికి చెక్క పిడి, చెట్టు నారతో అల్లిన ఒర. నన్ను కదిలించింది మాత్రం ఇంకో వస్తువు. చిన్న కర్రలో జింక కొమ్ము ముక్క దిగ్గొట్టి చేసిన పనిముట్టు అది. రాతి అంచుని కొంచెం కొంచెం చిదిపి మళ్ళీ పదును తెప్పించుకోవడానికి. చక్రం బండ్లు అప్పుడప్పుడే వస్తున్న కాలంలో, అంత ఎత్తు కొండెక్కే మనిషి చాకుతో పాటు దాని పదునుని కూడా వెంట తీసుకెళ్ళాడు. ఆ మాట తలుచుకుంటే ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలనిపిస్తుంది నాకు.

నా జేబులో మీరు చూసే ఎర్ర చాకు స్విట్జర్లాండుది. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1891లో అక్కడి సైనికులకి చాకులు చేసివ్వడం మొదలుపెట్టాడు. వాటిలో ఏమేం పెట్టారో తెలుసా? ఒక బ్లేడు, డబ్బా మూత తెరిచేది, తుపాకి భాగాలు విప్పుకునే స్క్రూడ్రైవరు, బెజ్జం వేసే ములుకు. సైనికుడికి ఇచ్చినా అది పోట్లాటకి కాదు, తిండికీ మరమ్మతులకీ. నాకు ఆ చాకంటే ఇష్టం అందుకే.

దాని వెన్నులో ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. తెరిచినప్పుడు బ్లేడుని నిలబెట్టేదీ, మూసినప్పుడు లోపల ఉంచేదీ అదే. తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా బిగించే గడియ నా చాకుకి వేరే లేదు. అందుకే దానితో దేన్నీ పొడవకూడదు, బ్లేడు వెన్ను మీద నొక్కకూడదు. నొక్కితే వేళ్ళ మీదకే మూసుకుంటుంది. ఫ్రాన్సులోని సవాయి ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక చెక్క పిడి చాకు తయారుచేశాడు. 1955లో దానికి తిప్పే ఇనప రింగు చేర్చారు, ఇలా మూసుకుపోకుండా. దానికీ ఒక గుణం ఉంది. నీళ్ళలో నానితే చెక్క ఉబ్బి, బ్లేడు బిగుసుకుని బయటికి రాదు. పడవ మీదకి తీసుకెళ్ళేవాళ్ళు పిడి తడవకుండా చూసుకోవాలి.

గోదావరి మీద మన పద్ధతి ఇదీ. ముందు లైఫ్ జాకెట్, దిగేదాకా విప్పేది లేదు. చాకు నా జేబులోనే, దారంతో బెల్టుకి కట్టి ఉంటుంది. నీళ్ళలో పడిన ఉక్కుని గోదావరి తిరిగివ్వదు. పడవ కదులుతుంటే నిలబడి చాకు తెరవకూడదు. ఇంకొకరికి అందించాలంటే మూసే అందించాలి. చేతిలోంచి జారితే పట్టుకోవద్దు, కాళ్ళు వెనక్కి తీసుకోండి, పడనివ్వండి.

వడిగల నదుల్లో రబ్బరు పడవల మీద జనాన్ని తీసుకెళ్ళే గైడ్లని గమనిస్తే వాళ్ళ లైఫ్ జాకెట్‌కి ఒక చాకు తగిలించి ఉంటుంది. తాడు ఎవరి కాలికైనా చుట్టుకుంటే కోయడానికి. చాలామంది చాకులకి మొన ఉండదు, కొస మొద్దుగా ఉంటుంది. పడవ ఊగినా ఎవరికీ గుచ్చుకోదు, రబ్బరుకి బెజ్జం పడదు. అంచు మాత్రం తాడుని ఇట్టే కోస్తుంది. చూశావా తల్లీ, నీ ప్రశ్నలో సగం సరైనదే. మొండిగా ఉండాల్సింది మొన, అంచు కాదు. మొన గుండ్రంగా ఉండే పిల్లల చాకులు దొరుకుతాయి. నీకు అలాంటిదే తెప్పించాను. అమ్మకి ఈ పేరా చదివి వినిపించు.

అడవిలో చాకుతో పని తక్కువే. నిమ్మకాయ కోసుకోవడం, తెగిన బ్యాగు పట్టీకి తాడు ముక్క కట్టడం, దెబ్బ తగిలితే గుడ్డ చింపడానికి గాటు పెట్టడం, అంతే. కూర్చుని కోయాలి. చెయ్యి చాచి చుట్టూ తిప్పితే ఎవరూ తగలనంత చోటు ఉండాలి. అంచు మన ఒంటి వైపు కాకుండా అవతలికి పోవాలి. అక్కడ కొండరెడ్లు కనిపిస్తే వాళ్ళు వెదురుని ఎలా కొడతారో నిలబడి చూడండి, నాకంటే వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ.

చెట్ల మీద మాత్రం చాకు పెట్టకూడదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం, అక్కడ కొమ్మ కోస్తే నేరం. చట్టం లేని చోట కూడా వద్దు. ఆకులు వండిన తిండి బెరడు లోపలి పలచని పొరలోంచే వేళ్ళకి దిగుతుంది. చుట్టూ కోస్తే వేళ్ళకి తిండి అందక చెట్టు చచ్చిపోతుంది. పేరు చెక్కితే చావకపోవచ్చు. కానీ చెక్కినవాడు ఇంటికి పోతాడు, ఆ గాటు చెట్టుకి ఉండిపోతుంది. పెద్దాడా, ఇది నీకు. మీ స్నేహితుల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకో.

ఇక మీకు ఒక పని. ఈ రాత్రి అమ్మని పక్కన ఉంచుకుని, వంటింటి కత్తిని ఆమె చేత్తోనే లైటు కింద పట్టించండి. అంచు పైకి ఉండాలి, మీరు దూరం నుంచే చూడాలి. మొద్దుబారిన చోట అంచు మీద సన్నని తెల్ల గీత మెరుస్తుంది. పదునున్న చోట ఏమీ కనిపించదు. వెలుగు ఆగి మెరవడానికి కూడా అక్కడ చోటు లేదన్నమాట! చేత్తో ముట్టుకోకుండా కళ్ళతోనే పదును చూడొచ్చు. నాకు ఇన్నేళ్ళయినా అది చూసినప్పుడల్లా ఆశ్చర్యమే.

మీ కత్తికి ఎక్కడెక్కడ మెరిసిందో, పిడి దగ్గరా, మధ్యలోనా, కొసనా, బొమ్మ గీసి పంపండి. పండక్కి వచ్చేటప్పుడు ఆ కత్తిని కూడా అమ్మని పెట్టెలో పెట్టి తెమ్మనండి. సానరాయి నీళ్ళలో నానబెట్టి ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య