కొల్హాపూర్ నాటకశాల: పేరు నటుడిది, తాళాలు నగరపాలక సంస్థవి

మహారాష్ట్రలోని కొల్హాపూర్ నడిబొడ్డున ఉన్న కేశవరావు భోసలే నాట్యగృహం పేరు మళ్లీ చర్చలోకి వచ్చింది. 2024 ఆగస్టు 8 రాత్రి అగ్నికి ఆహుతైన ఈ నాటకశాలను ఎలా తిరిగి కట్టాలి, ఎవరి మాట చెల్లాలి అన్నదే వివాదం. నాటి కొల్హాపూర్ సంస్థానాధీశుడు ఛత్రపతి శాహూ మహారాజ్ 1913లో పని మొదలుపెట్టించడం, 1915లో ‘ప్యాలెస్ థియేటర్’ పేరుతో తెర లేవడం చాలామందికి తెలిసిన సంగతులే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1957 దగ్గర ఆగాలి. ఆ ఏడాదే ప్యాలెస్ అనే మాట పోయి, దాని స్థానంలో ఒక నటుడి పేరు వచ్చింది.

కేశవరావు భోసలే 1890 ఆగస్టు 9న కొల్హాపూర్‌లోనే పుట్టారు. చిన్నతనంలోనే రంగస్థలం ఎక్కి ‘శారద’ నాటకంలో నాయిక పాత్రతో పేరు తెచ్చుకున్నారు. ముసలి వరుడికి పసిపిల్లను కట్టబెట్టే దురాచారం మీద గోవింద్ బల్లాళ్ దేవల్ రాసిన నాటకమది. మన ‘కన్యాశుల్కం’ వెలువడిన కాలంలోనే, దాదాపు అదే బాధతో పుట్టింది. కేశవరావు 1908లో హుబ్లీలో సొంతంగా ‘లలితకళాదర్శ’ నాటక మండలి పెట్టారు. గాత్రం ఎంతటిదంటే జనం ఆయనను ‘సంగీతసూర్య’ అన్నారు. స్త్రీ పాత్రల్లో మనకు స్థానం నరసింహారావు ఎలాగో మరాఠీ వారికి బాలగంధర్వ అలాగ. 1921లో ఆ బాలగంధర్వతో కలిసి స్వాతంత్ర్యోద్యమానికి పోగుచేసే తిలక్ స్వరాజ్య నిధి కోసం బొంబాయిలో ‘మానాపమాన్’ ఆడారు. పోటీ మండళ్ల అధిపతులిద్దరూ ఒకే వేదికపైకి రావడం మరాఠీ రంగస్థలం ఇప్పటికీ చెప్పుకునే ఘట్టం. అదే ఏడాది అక్టోబరులో కేశవరావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు.

రాజు కట్టించిన భవనానికి నటుడి పేరు పెట్టడం చిన్న విషయం కాదు. 1949లో సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. రాజపోషణ పోయిన రోజుల్లో ఆ పేరు కళాకారులకు ఒక హక్కు పత్రంలా కనిపించింది. నాటకం ఆడేవాళ్లు, తబలా వాయించేవాళ్లు, తెర లాగేవాళ్లు, అందరూ అది తమ ఇల్లే అనుకున్నారు. కాగితాల మీద మాత్రం యాజమాన్యం పురపాలనది, తర్వాత నగరపాలక సంస్థది. మరమ్మతు, అద్దె, విద్యుత్తు, కాపలా అన్నీ వారి చేతుల్లోనే. పేరు ఒకరికి, అధికారం మరొకరికి దక్కిన ఆ ఏర్పాటు దశాబ్దాల పాటు సాఫీగానే నడిచింది. మంటలు లేచిన రాత్రి ఆ బీట బయటపడింది.

మర్నాడు కేశవరావు జయంతి. కార్యక్రమానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. నాటకశాలకు ఆనుకునే ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం ఉంది. 1902లో ఐరోపా వెళ్లినప్పుడు రోములో చూసిన కొలోసియం స్ఫూర్తితో శాహూ మహారాజే దాన్ని కట్టించారు. మంటలు మొదట ఆ మైదానం వైపున్న వేదిక దగ్గర కనిపించాయని అప్పటి వార్తలు చెప్పాయి. పైకప్పు కూలింది, రంగస్థలం బూడిదైంది. ముందు భాగపు గోడలు మిగిలాయి. కళాకారులు ఆ గోడల ముందే నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే పునర్నిర్మాణానికి నిధులు ప్రకటించారు.

ప్రజల సొమ్ముతో చేసే పనికి టెండర్లు, దశలవారీ బిల్లులు, అగ్నిమాపక నిబంధనలు తప్పవు. నూరేళ్ల కిందటి కలపతో, నాటి కొలతలతో యథాతథంగా కట్టడమూ తేలిక కాదు. యంత్రాంగం వైపున్న ఈ ఇబ్బందులు నిజమైనవే.

అయితే కళాకారులు అడుగుతున్నది ముచ్చటైన హాలు కాదు. ఉన్నచోటే, ఉన్నట్టుగా కట్టమంటున్నారు. మైకు లేకుండా పాడితే చివరి వరుసకు వినిపించేదని వారు చెప్పే మాటను పాత రోజుల మీద మమకారమని కొట్టిపారేయకూడదు. సంగీత నాటకానికి హాలు కూడా ఒక వాద్యమే. పైకప్పు ఎత్తు, గోడకు వాడిన సామగ్రి, వేదిక కింది ఖాళీ మారితే స్వరం మారుతుంది. అది భవనం నక్షాలో కనిపించదు, అక్కడ పాడినవాడికే తెలుస్తుంది.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. ధార్వాడ నాటక సమాజం 1880ల్లో ఆంధ్ర తీరంలో ఆడిన ప్రదర్శనలు తెలుగు నాటకానికి ఊపునిచ్చాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకం మొదలుపెట్టిన కుటుంబాల మూలాలూ మరాఠీ నేలవే.

భవనం తెరిచే ముందు ఒకటి జరగాలి. వేదికమీద మైకు లేకుండా పాడించి, ఆ గొంతు చివరి వరుసలో వినిపించిందని కళాకారులు సంతకం చేసేదాకా గుత్తేదారుకు ఆఖరి బిల్లు చెల్లించకూడదు. టెండరు షరతుల్లో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి అదనపు నిధులేమీ అక్కర్లేదు.