పట్టుబడాలనుకున్న అబద్ధం

ఫ్రాన్సులోని పెర్పిన్యాన్‌లో ఏటా జరిగే 'విజా పూర్ లిమాజ్' ఉత్సవానికి వార్తా ఫోటోగ్రాఫర్ల లోకంలో పెద్ద పేరు. 2021లో అక్కడి రాత్రి ప్రదర్శనలో నార్వే ఫోటోగ్రాఫర్ యోనాస్ బెండిక్సన్ చిత్రాలను పెద్ద తెర మీద చూపించారు. ఉత్తర మాసిడోనియాలోని వెలెస్ అనే చిన్న పట్టణం, మసక వెలుతురు గదులు, కంప్యూటర్ల ముందు కుర్రాళ్లు, వీధుల్లో తిరిగే ఎలుగుబంట్లు. చూసినవాళ్లలో చాలామంది ఈ వృత్తిలో తలపండినవారు. ఆ ఫోటోల్లోని మనుషుల్లో ఒక్కరు కూడా నిజంగా లేరన్న అనుమానం ఎవరూ పైకి అనలేదు.

వెలెస్‌ను ఆయన ఊరికే ఎంచుకోలేదు. 2016 అమెరికా ఎన్నికల సమయంలో అక్కడి యువకులు తప్పుడు వార్తల వెబ్‌సైట్లు నడిపి, ప్రకటనల మీద డబ్బు సంపాదించారు. బెండిక్సన్ ఆ ఊరు వెళ్లి ఖాళీ గదులను, ఖాళీ వీధులను ఫోటో తీశారు. ఇంటికి వచ్చాక వాటిలో కంప్యూటర్‌తో తయారుచేసిన మనుషులను, ఎలుగుబంట్లను నిలబెట్టారు. వెలెస్ గురించి ఇంగ్లిషులో వచ్చిన కథనాలను జీపీటీ-2 అనే, రాతను తయారుచేసే కంప్యూటర్ భాషా నమూనాకు తినిపించి, ఈ ఫోటోలతో వేసిన పుస్తకంలోని వ్యాసాన్ని దానితోనే రాయించారు. 'బుక్ ఆఫ్ వెలెస్' అన్న ఆ పుస్తకం పేరులోనే ఆనవాలు ఉంది. 1919లో ఒక రష్యన్ సైనికాధికారికి దొరికిందని చెప్పుకున్న 'ప్రాచీన స్లావ్ గ్రంథం' పేరు కూడా అదే. అది కూటసృష్టి అని తర్వాత పండితులు తేల్చారు.

తనను ఎవరో ఒకరు పట్టుకుంటారని బెండిక్సన్ ఎదురుచూశారు. నెలలు గడిచినా ఎవరూ పట్టుకోలేదు. మాగ్నమ్ అనే ప్రతిష్ఠాత్మకమైన ఫోటోగ్రాఫర్ల సంస్థలో సభ్యుడు కాబట్టి అందరూ నమ్మేశారు. చివరికి ఆయనే సామాజిక మాధ్యమాల్లో ఒక దొంగ ఖాతా తెరిచి, ఫోటోలలోని మనుషులకు డబ్బిచ్చి నిలబెట్టాడని తన మీద తానే ఆరోపణ చేయించుకున్నారు. అప్పుడు గానీ ఒక చూపరికి అనుమానం రాలేదు. ఆ ఖాతాదారు బొమ్మలో ఉన్న స్వెటరు, పుస్తకంలోని ఒక పాత్ర వేసుకున్నదీ ఒకటే. 2021 సెప్టెంబరులో బెండిక్సన్ అంతా బయటపెట్టారు.

మోసగాడు దొరకకూడదని అబద్ధం చెబుతాడు. బెండిక్సన్ లాంటి కళాకారులు దొరకాలని చెబుతారు. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. దాని చరిత్ర ఫోటోగ్రఫీ పుట్టిన తొలినాళ్ల నుంచే మొదలవుతుంది.

ఇపోలిత్ బయార్ ఫ్రాన్సు ఆర్థిక శాఖలో గుమాస్తా. కాగితం మీద నేరుగా ఫోటో పడే పద్ధతిని సొంతంగా కనిపెట్టి, 1839 జూన్‌లోనే పారిస్‌లో తన చిత్రాలను ప్రదర్శించారు. కానీ ప్రభుత్వ గుర్తింపు, జీవితకాలపు పింఛను ఫోటోగ్రఫీలో మరో పద్ధతిని కనిపెట్టిన దగేర్‌కు దక్కాయి. బయార్‌కు దక్కింది పరికరాల కోసం కొద్దిపాటి సొమ్ము. 1840లో ఆయన ఒంటి మీద చొక్కా లేకుండా, కళ్లు మూసుకుని, గోడకు చేరగిలపడి తన ఫోటో తీసుకున్నారు. ఇది బయార్ శవమని, దగేర్‌కు అంత ఇచ్చిన ప్రభుత్వం ఇతనికి ఏమీ చేయలేమన్నందుకు నీళ్లలో పడి చనిపోయాడని దాని వెనక రాశారు. ఎండకు కమిలిన ముఖాన్ని, చేతులను చూపి, శవం కుళ్లడం మొదలైందనీ చేర్చారు. ఆ 'శవం' తర్వాత 47 ఏళ్లు బతికింది. ఫోటో అబద్ధమే, అందులోని కడుపుమంట మాత్రం పచ్చి నిజం. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన ఎన్నో పనులకు మూలం ఈ ఒక్క కాగితంలోనే ఉందని నా నమ్మకం.

1917లో ఇంగ్లండులోని కాటింగ్లీలో ఇద్దరు అమ్మాయిలు కాగితపు బొమ్మలను కత్తిరించి, పిన్నులతో నిలబెట్టి, దేవకన్యలంటూ ఫోటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ అంతటివాడు నమ్మేశాడు. పెద్దవాళ్ల పరువు పోతుందని నోరు విప్పలేకపోయిన ఆ పిల్లలు, బొమ్మలు కాగితంవేనని 1983లో గానీ ఒప్పుకోలేదు.

సినిమా, టీవీ, పత్రికలు ఇంటింటికీ చేరాక కళాకారుల చూపు వాటి మీదికి మళ్లింది. న్యూయార్క్‌లో సిండీ షెర్మన్ 1977 నుంచి 1980 వరకు తనే వేషాలు వేసుకుని, ఎవరూ తీయని సినిమాల్లోని దృశ్యాల్లాంటి ఫోటోలు తీశారు. 'ఈ సినిమా ఎక్కడో చూశామే' అని మనకు అనిపించడంలోనే ఆమె పని ఉంది.

బార్సిలోనాకు చెందిన జువాన్ ఫోంత్‌కుబేర్త స్పెయిన్‌ను ఏలిన ఫ్రాంకో నియంతృత్వంలో, పత్రికల మీద కత్తెర ఆడే కాలంలో పెరిగారు. ప్రకటనల రంగంలోనూ పనిచేశారు. అధికారిక ముద్రకు జనం ఎలా లోబడతారో ఆయనకు బాగా తెలుసు. 1997లో 'స్పుత్నిక్' ప్రదర్శన పెట్టారు. 1968లో సోయుజ్-2 నౌకలో వెళ్లిన ఇవాన్ ఇస్తోచ్నికొవ్ అనే వ్యోమగామి, అతని కుక్క అంతరిక్షంలో మాయమయ్యారనీ, పరువు కాపాడుకోవడానికి సోవియట్ ప్రభుత్వం ఫోటోల్లోంచి అతన్ని చెరిపేసిందనీ కథ. సోయుజ్-2లో నిజానికి మనుషులెవరూ వెళ్లలేదు. వ్యోమగామి ముఖం ఫోంత్‌కుబేర్తదే, పేరు కూడా ఆయనదే: కాటలాన్‌లో ఫోంత్‌కుబేర్త అంటే కప్పిన ఊట, రష్యన్‌లో ఇస్తోచ్నిక్ అంటే ఊట. ఇన్ని ఆనవాళ్లు వదిలినా, 2006లో ఒక స్పానిష్ టీవీ కార్యక్రమం దీన్ని నిజమైన ఘటనగా చూపించింది.

మన దగ్గర ఈ దారిలో నడిచినవారు బెంగళూరుకు చెందిన కళాకారిణి పుష్పమాల. 2000-2004 మధ్య ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి దక్షిణ భారత స్త్రీల మీద చేసిన చిత్రమాలికలో ఆమే రవివర్మ లక్ష్మిగా నిలబడ్డారు. అండమాన్ స్త్రీని వస్తువులా కొలిచిన బ్రిటిష్‌వారి ఫోటోను మళ్లీ సృష్టించి, అందులోనూ ఆమే నిలబడ్డారు. కావాలనే వేషం వేషంగానే, తెర తెరగానే కనిపిస్తాయి. తెలుగు ఇళ్లలో రవివర్మ లక్ష్మి క్యాలెండర్ కింద దీపం పెట్టినవాళ్లకు, స్టూడియోలో రంగుల తెర ముందు ఊపిరి బిగబట్టి ఫోటో దిగినవాళ్లకు ఆ చిత్రాల భాష ఎవరూ నేర్పక్కర్లేదు.

వీటన్నిటిలోనూ చేతిపని ఉంది. కుట్టు ఎక్కడో ఒకచోట బయటపడేది. 2023 ఏప్రిల్‌లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్దాగ్సెన్ కృత్రిమ మేధతో చేసిన చిత్రానికి సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పోటీలో బహుమతి వస్తే, ఆయన తిరస్కరించి, ఇది ఫోటో కాదని చెప్పారు. 2024లో దీనికి తలకిందులైన సంఘటన జరిగింది. మైల్స్ ఆస్ట్రే అనే ఫోటోగ్రాఫర్ మరో పోటీలో కృత్రిమ మేధ విభాగానికి అసలైన ఫోటోను పంపి బహుమతి గెలిచారు. నిజం చెప్పాక దాన్ని పోటీ నుంచి తొలగించారు. ఆ ఫోటోలో తల లేనట్టు కనిపించే ఒక గులాబీరంగు ఫ్లెమింగో ఉంది. మెడ వంచి పొట్ట గోక్కుంటోంది, అంతే.